తొట్టి నీళ్ళలో ఆరు నెలల ఎరుపు

రెండేళ్ళుగా చిత్తూరులో మా ఇంటి మేడ మీద, ఫోనులో చూసి కలంకారీ నేర్చుకుంటున్నాను. తెలిసిన డ్రాయింగు మాస్టారు ఒకాయన, బొమ్మలు వేసేవాళ్ళను ఇరవై మందిని కూడగట్టి, చంద్రగిరి కోట మ్యూజియం, శ్రీకాళహస్తిలో కలంకారీ పని ఒక్కరోజులో చూపిస్తానంటే నేనూ పేరిచ్చాను. నేను వేసిన మొదటి బట్టను సంచి అడుగున పెట్టుకున్నాను. ఆరు నెలల పని. చెయ్యి తిరిగినవాళ్ళకు చూపించి, కొనసాగించాలా మానేయాలా తేల్చుకుందామనుకున్నాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఉదయం ఆరున్నరకు మినీబస్సు కదిలింది. భోజనంతో కలిపి మనిషికి ఏడువందల యాభై. దారిలో టిఫిను చేసి, మ్యూజియం తలుపులు తీసేవేళకు చంద్రగిరి చేరాం. కంచు విగ్రహాల ముందు మాస్టారు ఆగి, "చేసినోడి పేరు యాడుందో సూడండప్పా" అన్నారు. వెతికాం. నేను చూసిన చీటీల్లో దేవుడి పేరుంది, ఊరి పేరుంది. ఆ వేళ్ళనూ, ఆ గోళ్ళనూ అంత నాజూకుగా మలిచినవాడి పేరు లేదు.

తిరుపతి మీదుగా గంటన్నర ప్రయాణం. శ్రీకాళహస్తిలో భోంచేసి, రెండు గంటలకు కాంతమ్మగారి పెరట్లో కూర్చున్నాం. నలభై ఏళ్ళుగా కలంకారీ పనిలో ఉన్న మనిషి. ఆమె పని చూపించాక, చివర్లో ధైర్యం చేసి నా బట్ట తీసి, "మా స్నేహితుడు వేసినాడు" అన్నాను.

ఆమె వేలు తడి చేసి ఎరుపు మీద రుద్దింది. "పటిక పెట్టలేదే, రంగు యాడ నిలుస్తాది" అని, నేను నోరు తెరిచేలోగా బట్టను తొట్టిలో ముంచేసింది.

నీళ్ళు ఎర్రబడ్డాయి. బట్ట మీది అమ్మవారి చీర, చిలకలు, అంచు, వాటిలో నింపిన ఎరుపంతా కళ్ళముందే కరిగిపోయింది.

"ఆ స్నేహితునికి చెప్పబాకప్పా, గుండె ఆగిపోతాది!" అన్నాడు వెనక నిలబడ్డ మా డ్రైవరు. అందరూ నవ్వారు.

కాంతమ్మగారు నవ్వలేదు. నా చేతుల వైపు చూసింది. గీతలు గీయడానికి ఇనుప తుక్కు, బెల్లం నానబెట్టి చేసే నల్లరంగు గోళ్ళకు పట్టుకుంటే నెలల తరబడి వదలదు.

"స్నేహితుని నలుపు నీ గోళ్ళలోకి ఎట్లొచ్చె నాయనా?"

నేను తలదించుకున్నాను. ఆమె బట్టను పిండి దండెం మీద ఆరేసింది. ఎరుపు లేదు. నల్లగీతలు ఒక్కటీ చెదరలేదు.

"రంగు పాయె. గీత యాడికీ పోలే, సూడు. చెయ్యి వణకలేదు నీకి. పటిక పెట్టేది నేను చూపిస్తా, ఆదివారం రా."

ఆరు నెలల పని అరనిమిషంలో పోయిందన్న దెబ్బ ఇప్పటికీ తగ్గలేదు. కానీ నా చెయ్యి కుదురుగానే ఉందని రెండేళ్ళుగా నాకు నేను చెప్పుకోలేకపోయిన మాట, ఆ అరనిమిషం తర్వాతే ఇంకొకరి నోట విన్నాను. అది నా పనేనని అందరి ముందూ బయటపడటం కూడా మంచిదే అయింది. ఆదివారం మొదటి బస్సుకే వెళ్తున్నాను.

మీరూ వెళ్తే మీ చేతిపని ఒకటి తీసుకెళ్ళండి. తడిబట్ట పెట్టుకోవడానికి ఒక ప్లాస్టిక్ కవరు కూడా.