టాపు మీద అతుకు

మొన్న దారం కండెలు కొందామని బిచ్కుంద సంతకు వెళ్లి వానలో చిక్కుకున్నాను. తలదాచుకోవడానికి ఒక మేడ మెట్లెక్కి నిలబడితే, కింద పంక్చర్ షాపు ముందు ఒక పాత తెల్ల పికప్ బండి కనిపించింది. టాపు మీద, సరిగ్గా డ్రైవర్ తలకు పైన, పళ్లెమంత అతుకు. బండి తెలుపు ఒకటి, అతుకు తెలుపు ఒకటి. వాన కొడుతుంటే ఆ తేడా ఇంకా బాగా తెలుస్తోంది. బండి మా తమ్ముడిది. ఆ అతుకు పడిన రోజు నుంచి వాడికీ నాకూ మాటల్లేవు.

వాడిది నస్రుల్లాబాద్ పక్కన వరి పొలం. పొలం పని లేని రోజుల్లో ఆ బండితో కిరాయిలు కొట్టేవాడు. వడ్ల బస్తాలు, పెళ్లివాళ్ల గిన్నెలు, ఒకసారి ఎవరిదో బర్రె. కొన్ననాటికే బండి పాతది. స్టీరింగు ఎడమకు తిప్పితేనే హారన్ మోగేది. కుడి మలుపుల్లో తమ్ముడే తల బయటపెట్టి అరిచేవాడు. బాన్సువాడలో నా కుట్టుమిషన్ ఉన్న గది ముందు ఆ అరుపు వినిపిస్తే చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టేదాన్ని. అమ్మ పోయాక వాడికి చెడ్డీ, నిక్కరు దగ్గర్నుంచి పెళ్లి జుబ్బా దాకా కుట్టింది నేనే. వాడింట్లో ముందు నాకు పీట వేశాకే ఎవరికైనా వేసేవారు. అంత మర్యాద ఉండేది నాకు.

ఒక ఏడు మద్నూర్ రోడ్డు మీద లారీ ఒకటి రాసుకుంటూ పోతే, బండి రోడ్డు దిగి సోయా చేలోకి వెళ్లి ఆగింది. వాడికి గీత కూడా పడలేదు. కానీ మరదలికి ఆ రోజు నుంచి నిద్ర లేదు. దిష్టి తీస్తానని నిమ్మకాయలు కడితే వాడు తెంపి రోడ్డు మీద పారేశాడు. "గసొంటియి నా బండిల కనబడితే నిన్నే దించేస్త" అన్నాడట. కొన్నాళ్లకు మరదలు నా దగ్గరికి వచ్చింది. "వదినా, నల్లగుడ్డతోని చిన్న చిన్న సంచులు కుట్టియ్యవా" అంది. ఎందుకే అంటే, ఊకెనే అంది. ఆడమనిషి కమ్మలో, దాచుకున్న చిల్లరో పెట్టుకుంటుంది, నాకెందుకులే అని కోటు అస్తరు ముక్కలతో కుట్టిచ్చాను. ఏం కుట్టినా మూతి దగ్గర ఎర్రదారంతో రెండు వరుసలు వేయడం నా అలవాటు. తర్వాత కూడా అప్పుడప్పుడు వచ్చి మరికొన్ని పట్టుకెళ్లేది.

కొన్నేళ్లకు వానాకాలంలో బండి లోపల చుక్క చుక్క కారడం మొదలైంది. తమ్ముడు తువ్వాలు చుట్టుకుని నడిపాడు. తర్వాత టాపు మీద తారు పూశాడు. చివరికి టోపీ కూడా తడిసిపోతుంటే బాన్సువాడలో మా గది పక్క సందులోని వెల్డింగ్ షాపుకు తెచ్చాడు. ఆ రోజు మరదలు మా ఇంట్లోనే ఉంది. ఇద్దరం టిఫిన్ డబ్బా పట్టుకుని షాపుకు వెళ్లాం. మిస్త్రీ పైనుంచి స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే రేకు అప్పడంలా విరిగి పడుతోంది. "లోపటికెల్లి తిన్నది అన్నా, ఏదో ఉన్నది" అంటూ లోపలి రెక్సిన్ ఊడదీశాడు. తడిసి ముద్దయిన నల్లసంచులు ఒకదాని వెనక ఒకటి సీటు మీద పడ్డాయి. ఒకటి పగిలి దొడ్డుప్పు, ఎండుమిరపకాయలు బయటికొచ్చాయి. మిస్త్రీ చేయి వెనక్కి తీసుకున్నాడు. పక్కన చాయ్ తాగుతున్న ఒకతను "ఎవలో చేసిండ్రు గిది" అని నెమ్మదిగా అన్నాడు.

నాకు మొత్తం అర్థమైంది. మొగుడికి ఏమీ కాకూడదని ఆ పిచ్చిది వాడి తల మీదే ఉప్పు దాచింది. ఆ ఉప్పు వానాకాలపు చెమ్మకు నీరుకారి రేకును తినేసింది. తమ్ముడు ఒక సంచి తీసి, నీళ్లలో జాడించి, మూతి చూశాడు.

"అక్కా, గీ కుట్టు నీదేనా కాదా?"

"నాదే," అన్నాను.

నాది కాదని ఎలా అంటాను? మిగతాది మరదలు చెప్పాలి. ఆమె డబ్బా పట్టుకుని నేల చూస్తూ నిలబడింది. దిష్టిని నమ్మని మా తమ్ముడు చేతబడిని మాత్రం చిటికెలో నమ్మాడు. "ఇగ నా ఇంటి గడప తొక్కకు" అన్నాడు. అసలు సంగతి చెబితే అక్కడే ఆమెను కొడతాడని నాకు తెలుసు. సాయంత్రానికి తనే చెప్పుకుంటుందిలే అనుకున్నాను. నా వెర్రి. త్యాగం అని ఎవరైనా అంటే ఒళ్లు మండుతుంది నాకు. నేను నోరు మూసుకున్నది ఒక్క సాయంత్రానికే.

బండి మాత్రం బాగైంది. మిస్త్రీ కుళ్లిన రేకంతా మంచి ఇనుము వచ్చేదాకా కోసేసి, ఏదో పాత బానెట్ ముక్క తెచ్చి, పలచటి రేకు కాలిపోకుండా ఆగి ఆగి అతికాడు. లప్పం పెట్టాడు, రుద్దాడు, రంగు కొట్టాడు. ఆ చప్పుళ్లన్నీ మా గదికి వినిపించాయి. తర్వాత ఆ ఇంట్లో కూతురి పెళ్లయింది, పురుడైంది. నాకు కబురు లేదు. పొరుగువాళ్ల బట్టలు కుడుతుంటే ఆ వార్తలు తెలిసేవి.

వాన తగ్గాక మెట్లు దిగి బండి పక్కనుంచే నడిచాను. వాడు స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు. జుట్టు నెరిసింది. నన్ను చూసి అద్దం పైకెత్తాడు. అద్దం మూసుకునేలోపు పైన రెక్సిన్ చూశాను. ఒకచోట ఉబ్బెత్తుగా ఉంది, అంచున చేతికుట్టు. పొడవు కుట్లు, వంకరటింకర. ఇప్పుడు తనే కుట్టుకోవడం నేర్చుకుందన్నమాట మా మరదలు. మెట్ల మీద నుంచి చూసినప్పుడు అతుకు పక్కన రంగు తుప్పుతో బుడగలు లేచి ఉండటం గుర్తొచ్చింది.

మళ్లీ రెక్సిన్ ఊడదీసే రోజు వస్తుంది. ఈసారి ఆ కుట్టు నాది కాదు. ఒక్క రేకును నాలుగు వానాకాలాలు తినేశాయి. ఆమె నోట ఒక్క మాట బయటికి రావడానికి మాత్రం నా వయసంతా చాలలేదు.