బెల్లం మరక పడిన ప్రూఫు

మా ప్రెస్సు ఫోర్‌మన్ గారు పోయారని విశాఖపట్నంలో నాకు తెలిసేసరికి అనకాపల్లిలో ఖననం కూడా అయిపోయి రెండు రోజులైంది. ప్రెస్సు యజమాని కార్డు రాశారు. నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థనకు పిలుపు కార్డులు వేయాలట, నువ్వే వచ్చి కంపోజు చెయ్యమని. ఆ చివరి వాక్యం దగ్గర గానీ నాకు ఏడుపు రాలేదు.

నాకు అక్షరాలు పేర్చడం నేర్పింది ఆయనే. పేర్చడమంటే తప్పుల్లేకుండా పేర్చడమే అనుకునేవాణ్ణి. ఆయన తప్పులు తర్వాత చూసేవారు. ముందు కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని, కళ్లు చికిలించి, నలుపెక్కడుంది, తెలుపెక్కడుంది అని చూసేవారు. వరుసల మధ్య ఖాళీ కోసం పెట్టే, అచ్చు పడని సీసం ముక్కల గడి ఆయన అక్షరాల కేసులో ఎప్పుడూ నిండుగా ఉండేది. కాగితానికి ఊపిరాడాలనేవారు.

అసలు పరీక్ష ఆ తర్వాత. ప్రూఫును గుమ్మానికి అంటించి, మాడుగుల నుంచి బెల్లం తోలుకొచ్చే బండాయనను కేకేసేవారు. ఆయనకు చదువు రాదు. "ముందు నీ కంటికేటి తగిలింది బావా?" అనడిగితే ఆయన వేలు పెట్టి చూపించేవాడు. ఆ వేలు అసలు మాట మీద పడితే ఫోర్‌మన్ గారు నావైపు తిరిగి "కట్టెయ్" అనేవారు. పేర్చినదాన్ని దారంతో కట్టి మెషినుకు పంపమని. అంతకు మించిన మెప్పు ఆయన నోట నేను వినలేదు.

నా మొదటి శుభలేఖలో మిగిలిన చోటంతా పువ్వుల బ్లాకులతో, మూలకో చిలకతో నింపి తెగ మురిసిపోయాను. బండాయన వేలు తిన్నగా మూలనున్న చిలక మీదికి పోయింది.

"పెళ్లి సిలక్కేటిరా?" అన్నారు ఫోర్‌మన్ గారు.

నా మొహం మాడిపోయింది. ఆయనే పక్కన కూర్చుని ఒక్కో పువ్వూ ఊడదీసి పెట్టెలో వేశారు. ఆ రోజంతా ఆయన మీద కోపంగానే ఉన్నాను. ఇప్పుడు అలా పక్కన కూర్చుని నా పువ్వులు పీకేవాళ్లు ఎవరూ లేరు.

విశాఖ వెళ్లాక నేను చేసినవి తెచ్చి చూపించాలని ఎన్నిసార్లు అనుకున్నానో. ఇంకాస్త మంచిది చేశాక వెళదామని ఆగాను. బుద్ధి తక్కువ.

మొన్న అనకాపల్లి వచ్చి ఆ పిలుపు కార్డు పేర్చాను. పైన ఆయన పేరు, కింద బోలెడు ఖాళీ, అడుగున తేదీ, చోటు. మూడుసార్లు విప్పి మళ్లీ పేర్చాను. ప్రూఫును గుమ్మానికి అంటించి నిలబడితే బండాయన వచ్చాడు. ఈ ఏడు బెల్లం తేవడం అదే మొదలు, ఫోర్‌మన్ గారు పోయిన కబురు తెలియదు. నేను పిలవకుండానే బండి ఆపి, తిన్నగా పేరు మీద వేలు పెట్టాడు.

"ఇదే ముందు అగుపడతంది. బాగా సేసేవు. బావ సూసేడా? కట్టెయ్‌మన్నాడా?"

నేను లోపలికి వెళ్లి దారం అందుకున్నాను.

కార్డులు అచ్చయి పంచడమూ అయింది. ఆ ప్రూఫు మాత్రం నా పెట్టెలో దాచుకున్నాను. ఆయన పేరు మీద బెల్లం వేలిముద్ర ఉంది. ముట్టుకుంటే ఇంకా జిగురుగానే ఉంది.