జపాన్ ఇంటి గుమ్మంలో నా బూట్లు

దయ్యాలంటే నాకు ఎప్పుడూ నవ్వే. జగిత్యాల దగ్గర మా ఊళ్లో ఎవరు పోయినా పాడె కట్టడానికి వడ్రంగినైన నన్నే పిలిచేవారు. శ్మశానంలో కూర్చుని తీరిగ్గా బీడీ కాల్చుకున్నవాణ్ణి. అందుకే ఇది చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది.

నేను పనికి పోయిన సౌదీలో, జుబైల్ పట్నానికి ఉత్తరాన సముద్రం పక్కన, ఒక జపాన్ కంపెనీ తన ఉద్యోగుల కోసం ఎప్పుడో కట్టిన క్వార్టర్లు ఉండేవి. వాటిలో ఒక ఇంటినైనా కూల్చకుండా కాపాడాలని సౌదీ ఇంజనీరమ్మ ఒకామె పట్టుబట్టింది. కొత్త చెక్క వేయకూడదు, ఉన్నదాన్నే అతికించాలి. ఆ పని నాకూ, కడప నుంచి వచ్చిన మస్తాన్‌కూ పడింది.

అవి నితాఖత్ రోజులు, ప్రతి కంపెనీ ఇంతమంది సౌదీవాళ్లను పెట్టుకోవాలని సర్కారు రూలు. సౌదీవాళ్లను చాలినంతమందిని పెట్టుకోలేదని మా కంపెనీ సర్కారు ఎర్ర జాబితాలో పడింది. అక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డులు రెన్యువల్ కావడం లేదు, పైగా బయటి దేశపు మనిషికి ఇంతని లెవీ. రోజూ ఎవరో ఒకరికి ఫైనల్ ఎగ్జిట్, అంటే ఇక ఇంటికే. నా బిడ్డ నర్సింగ్ చదువు సగంలో ఉంది. అది అయ్యేదాకా నేను కదలకూడదు, అదొక్కటే నా గోల.

ఆ ఇంట్లో తలుపు దాటగానే పల్లంగా కొంచెం చోటు, ఆపైన ఎత్తుగా చెక్క నేల. సేఫ్టీవాడు తిట్టినా మేమిద్దరం ఆ పల్లంలోనే బూట్లు విప్పేవాళ్లం. ఇల్లు ఇల్లే కదా, బూట్లతో తొక్కబుద్ధి కాలేదు.

ఒక మధ్యాహ్నం తిండికి లేస్తే, మస్తాన్ బూట్లు ముక్కులు వాకిలివైపు తిరిగి జతగా ఉన్నాయి.

"నువ్వే తిప్పినవ్ గదా?" అన్నాను.

"నాకేం పని ల్యాదా అన్నా?" అన్నాడు.

మరునాడు లోపల గడియ పెట్టి, అతణ్ణి నా కళ్లెదుటే కూర్చోబెట్టుకుని పనిచేశాను. మళ్లీ అంతే. అతనివి తిరిగాయి, నావి విప్పినచోటే వంకరగా పడి ఉన్నాయి.

ఆ వారంలోనే మస్తాన్‌కు ఎగ్జిట్ కొట్టారు. ఫోర్‌మన్‌కు కావలసినవాడతను. పోతే ముందు నేనే పోతానని అందరం అనుకున్నాం.

బూట్ల సంగతి వచ్చీరాని అరబ్బీలో ఇంజనీరమ్మకు చెప్పాను. ఆమె నవ్వలేదు. జపాన్ ఇళ్లలో చుట్టం బయలుదేరే ముందు, తొడుక్కోవడానికి వీలుగా ఇంటివాళ్లు అలా తిప్పి పెడతారట. అది మర్యాద అంది.

మర్యాదో మన్నో, నాకు కాలు నిలవలేదు. చేతిలో ఉలి, చూపు గుమ్మం మీద. చివరికి బూట్లు కవర్లో ముడేసి, పనిముట్ల సంచిలో దాచి పక్కనే పెట్టుకునేవాణ్ణి.

ఇల్లు నిలిచింది. కూల్చరని తేలిన రోజు ఇంజనీరమ్మ అందరికీ ఖర్జూరాలు పంచింది. నేను ఆఖరి జారుడు తలుపు బిగించి సంచి తెరిచాను. అది నా మోకాలి పక్కనుంచి కదల్లేదు. కవర్ ముడి వేసినట్టే ఉంది, లోపల ఏమీ లేదు.

బూట్లు గుమ్మంలో ఉన్నాయి. వాకిలివైపు తిరిగి, దుమ్ము తుడిచి.

భయం వేయలేదు. ఏడుపొచ్చింది. క్యాంపుకు వెళ్లి సామాను సర్దుకున్నాను. రెండు రోజులకు ఆఫీసు నుంచి పిలుపొచ్చింది, ఫైనల్ ఎగ్జిట్ అని.

బిడ్డ చదువు ఎట్లాగో గట్టెక్కింది. కానీ ఆ రోజు ఆఫీసులో నా పాస్‌పోర్టు బల్ల మీదికి విసిరారు. అన్నేళ్లు పనిచేసిన చోట పోయి రమ్మన్న మనిషి లేడు. నా బూట్లు తుడిచి, తిప్పి పెట్టి సాగనంపింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.