పరగడుపున వచ్చిన రొయ్యలు

మా ఆయన చివరి ఏడాది రక్తపరీక్షలన్నీ నేనే చేశాను. భీమవరంలో ఒకే ఆసుపత్రి ల్యాబులో మేమిద్దరం టెక్నీషియన్లం. కిడ్నీలు ఎంత పాడయ్యాయో చెప్పే క్రియాటినిన్ పెరిగిన ప్రతిసారీ ఆ సంగతి ముందు నాకే తెలిసేది. ఆయన పోయాక ఆ పరీక్షలు చేసే మెషీను ముందు కూర్చోలేకపోయాను. ఉద్యోగం మానేసి, రొయ్య పిల్లలకు వైరస్ పరీక్షలు చేసే ల్యాబులో చేరాను. మా చదువు చదివినవాళ్ళకు ఇక్కడ అదీ ఒక దారే. రొయ్య రిపోర్టు చూసి ఎవరూ ఏడవరని అనుకున్నాను.

మూడు నెలలు ఆగి ఆసుపత్రి డాక్టరుగారు ఫోన్ చేశారు.

"సీనియర్ టెక్నీషియన్ పోస్టు నీ కోసం ఆపానమ్మా. ఒకటో తారీకులోగా చెప్పు. రానంటే వేరేవాళ్ళని తీసుకుంటాను."

రానని చెప్పడానికే సిద్ధపడ్డాను.

మర్నాడు ఉదయం ఒక రైతు, రొయ్య పిల్లల్ని పెంచి అమ్మే హేచరీ నుంచి ఆక్సిజన్ నింపిన సంచిలో పిల్లల్ని తెచ్చారు. ఫారం రాసుకుంటూ తలెత్తకుండా అడిగాను.

"పరగడుపునే వచ్చారా అండి?"

ఆయన సంచి వైపు చూశారు.

"నేనైతే నాలుగిడ్లీ తిన్నానండి. వీళ్ళ సంగతి హేచరీవాళ్ళని అడగాలి."

పక్క బల్ల దగ్గరి అమ్మాయి నవ్వాపుకోలేక, "అక్కా, పనిలో పని బీపీ కూడా చూసెయ్!" అంది.

నాకూ నవ్వొచ్చింది. రైతు వెళ్ళలేదు. "ముందు ఆసుపత్రిలో చేసేవారా అండి?" అని అడిగి, తన షుగరు తగ్గడంలేదని మొదలుపెట్టారు. మాత్ర ఎప్పుడు వేసుకుంటారని అడిగాను. గుర్తొచ్చినప్పుడట. ఆ మాట మీ డాక్టరుగారికి చెప్పండన్నాను. ఆయన వెళ్ళాక చూసుకుంటే, అన్నాళ్ళలో నేను ఎవరితోనూ అంతసేపు మాట్లాడలేదు. ఒక్క మెషీనుకు దూరంగా ఉందామని, కౌంటరు దగ్గరికొచ్చే మనుషులందరినీ వదులుకున్నాను.

సాయంత్రం డాక్టరుగారికి ఫోన్ చేశాను. వస్తాను గాని కొన్నాళ్ళు మెషీను వద్దు, రక్తం తీసే గదిలో వెయ్యండి అన్నాను.

"సీనియర్‌వి, సూదులు గుచ్చుతూ కూర్చుంటావా?"

"కూర్చుంటానండి."

మొదటి రోజు చేపలమ్మే పెద్దావిడ వచ్చి చెయ్యి చాపింది. "నా నరం ఎవరికీ ఓ పట్టాన దొరకదమ్మా. రెండుమూడు సార్లు గుచ్చుతారు."

జబ్బకు రబ్బరు పట్టీ బిగించి, కాసేపు వేలితో వెతికాను. ఒక్కసారికే దొరికింది.