ఎనుమాములలో కురవని వాన

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఒకటుందని ఎవరైనా అంటే నమ్మేవాణ్ణి కాదు. ఇంజనీరింగ్ అయి ఏడాది నిండలేదు, వరంగల్‌లో వానల మీద పరిశోధన చేసే ఓ మేడం దగ్గర ప్రాజెక్టులో చేరి ఆరు నెలలు కాలేదు, అప్పుడే మెడలో ఐడీ కార్డు వేసుకుని మబ్బు వంక చూసి "ఇది కురవదు" అని తేల్చేసేవాణ్ణి. (అది కురిసేది. నేను తడిసేవాణ్ణి. అభిప్రాయం మాత్రం మారేది కాదు.) చుట్టుపక్కల ఊళ్ల వానలు, నేల తేమ, బావుల నీటిమట్టం, వీటి లెక్కల్ని ఎవరికి వారు బీరువాల్లో దాచుకుంటున్న కాలమది. వాటన్నిటినీ కంప్యూటర్లో ఒక్కచోట చేర్చి, పరిశోధన చేసేవారెవరైనా వాడుకునేలా నిలబెట్టడం మా పని. మేడం దాన్ని 'ఉమ్మడి గాదె' అనేవారు.

స్టేషన్ ఘన్‌పూర్ దాకా వాన కొలిచే యంత్రాలు నేనే పెట్టించాను. పైన గరాటు, లోపల చెంచాడు నీళ్లు పడగానే ఒరిగే చిన్న దొప్ప. అది ఒరిగినప్పుడల్లా సిమ్ కార్డు మా కంప్యూటర్‌కు కబురు పంపుతుంది. ఎనుమాముల మార్కెట్ దగ్గర ఓ మిర్చి గోదాం ఆవరణలో పెట్టినదాన్ని అక్కడి కాపలాదారుకు అప్పగించాను. ఆయన్ని అందరూ టార్పాలిన్ మామ అనేవారు. మబ్బు నల్లబడిందంటే చాలు, కళ్లాల్లోని మిర్చి రాశులన్నీ చిటికెలో కప్పించేవాడు. నేను గంభీరంగా చెప్పాను: "మామా, ఇది శానా ఖరీదైన మిషిన్. పానం లెక్క చూసుకోవాలె."

"ఫికర్ చెయ్యకు సారూ. మిర్చి ఎట్లనో గిదీ గట్లనే" అన్నాడు మామ. ఆ మాటకు నేను మురిసిపోయి వచ్చేశాను.

ఎండాకాలంలో నాలుగుసార్లు అకాల వానలు పడ్డాయి. అన్ని యంత్రాలూ కబురు పంపాయి, ఎనుమాములది మాత్రం నాలుగుసార్లూ సున్నా అంది. మా కంప్యూటర్లు చూసుకునే సర్వర్ అన్న "తమ్మీ, జర పోయి చూసి రారాదు?" అన్నాడు. చూడ్డానికేముంది, నా దగ్గర సిద్ధాంతం ఉంటేనూ! మిర్చి రాశులు ఎండను పట్టుకుంటాయి, పైన గాలి వేడెక్కుతుంది, మబ్బులు పక్కకు తప్పుకుంటాయి. నీలం రంగు పటం మధ్యలో ఎనుమాముల దగ్గర తెల్లటి చిల్లు గీసి, దాన్ని మొదటి స్లైడుగా పెట్టాను. మూడు కాలేజీల ప్రొఫెసర్లు మా గాదెను చూడటానికి వస్తున్నారు. నచ్చితే తమ పాత రికార్డులన్నీ ఇస్తారు. నచ్చకపోతే ప్రాజెక్టుతోపాటు గాదె మూతపడుతుంది, నా ఉద్యోగం కూడా.

మీటింగు ముందురోజు మధ్యాహ్నం, స్లైడు కోసం యంత్రాన్ని ఫొటో తీద్దామని ఆటోలో వెళ్లాను. నేను దిగేసరికి మబ్బు కమ్మింది. ఎక్కడివాళ్లక్కడ టార్పాలిన్లు పట్టుకుని పరుగెత్తారు. రాశులన్నీ కప్పించాక మామ చంకలోంచి చిన్న ముక్క తీశాడు. కొలత చూసి కత్తిరించింది, అంచుకు తాడు కూడా కుట్టి ఉంది. దాన్ని తీసుకెళ్లి నా యంత్రం నెత్తిన తొడిగి గట్టిగా ముడివేశాడు.

"మామా! ఏం చేస్తున్నవ్?"

"కనవడ్తలేదా సారూ, మొగులైంది. తడిస్తే ఖరాబైతది గద! నువ్వు చెప్పిన కాడికెల్లి ఒక్క సుక్క పడనియ్యలే."

ఆ ముఖంలో గర్వం చూశాక కోప్పడటానికి నోరు రాలేదు. వాన లోపల పడితేనే అది పనిచేస్తుందని గొణిగాను. మామ నన్ను ఎగాదిగా చూసి, "మరి గా ముచ్చట ముందుగాల చెప్పద్దా సారూ?" అన్నాడు.

తడిసిన బట్టలతోనే ఆఫీసుకు వచ్చి సున్నాలు చెరిపేయబోయాను. సర్వర్ అన్న "తీసెయ్, ఎవ్వనికి తెలుస్తది?" అన్నాడు. మేడం మాత్రం నా చేయి ఆపారు. "తీసేస్తే వాన పడిందో లేదో కూడా ఎవరికీ తెల్వది. పక్కన ఏమైందో రాయి." అలా మా గాదెలో 'గమనిక' అనే గడి పుట్టింది. అందులో ఇలా రాశాను: "ఈ నాలుగు రోజులూ ఇక్కడ వాన పడింది. యంత్రం తడవకుండా కప్పి ఉంచారు. అలా చూసుకోమని చెప్పింది నేనే."

మర్నాడు తెల్లటి చిల్లు చూపించి, ఆ గమనిక చదివి, మామ టార్పాలిన్ సంగతి కూడా చెప్పాను. గదంతా నవ్వులు. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. అందరికంటే పెద్దాయన కళ్లద్దాలు తుడుచుకుని, "బాబూ, మా బీరువాలల్ల ఎన్ని టార్పాలిన్లున్నయో మాకే తెల్వది. మా రికార్డులకు గూడ గా గడి పెట్టు, పంపిస్తం" అన్నాడు. మూడు కాలేజీలూ చేరాయి.

గాదె ఇప్పటికీ నడుస్తోంది. కంప్యూటర్లు మూడుసార్లు మారాయి, మేడం కుర్చీలో నేను కూర్చున్నాను. మొన్న కొత్తగా చేరిన అమ్మాయి వచ్చి, "సార్, ఈ పాత గమనిక చూస్తే నవ్వొస్తాంది, జర మంచిగ మార్చి రాయాల్నా?" అని అడిగింది. ఉండనిమ్మన్నాను. అప్పట్లో మెడలో ఐడీ కార్డు వేసుకు తిరిగిన ఆ కుర్రవాడు ధీమాగా రాసి పారేసినవన్నీ ఈ పాటికి దిద్దేశాం. దిద్దాల్సిన పని పడనివి ఆ మూడు వాక్యాలే.