ఉద్దేశం గడి ఖాళీగా వదలనివ్వని మాస్టారు

మా డ్రిల్లు మాస్టారు సోమవారం పొద్దున పోయారు. ఫోన్ చేసి చెప్పింది సత్తిబాబు. ఆయన దగ్గర కబడ్డీ నేర్చుకుని లీగు దాకా వెళ్లిన ఆటగాడు. అతని సోషల్ మీడియా పేజీలు చూసేది నేను. వార్త వినగానే నేను చేసిన మొదటి పని ఆ సాయంత్రం వెళ్లాల్సిన పోస్టు ఆపడం. ఏడుపు రెండు రోజుల తరువాత తణుకు బస్సులో వచ్చింది.

సత్తిబాబూ నేనూ ఆ హైస్కూల్లో ఒకే తరగతి. వాడిది గోదావరిలో వేటకెళ్లే ఇల్లు. నాకు ఆట అంతంతమాత్రం కాబట్టి మాస్టారు నన్ను స్కోరు రాయడానికి కూర్చోబెట్టేవారు. ఇప్పుడు నేను చేసే ఈ పేజీల పని తెలియనివాళ్ల కోసం చెబుతాను: ఆటగాడి పేరు జనం నోట్లో నానాలంటే ఏ రోజు ఏం పెట్టాలో నెలకి సరిపడా ముందే ప్లాన్ వేసుకోవాలి. నా మొదటి ప్లాన్ మహా ఘనంగా ఉండేది. పండగ శుభాకాంక్షలు, జిమ్ము, పులస కూర, సినిమా పాటకి స్టెప్పులు, కొత్త బూట్లు. మాస్టారు మెచ్చుకుంటారని తీసుకెళ్లి చూపించాను.

ఆయన బీరువాలోంచి తన పాత పాఠ్య ప్రణాళిక పుస్తకం తీశారు. ప్రతి పీరియడులో ఏం చెప్పబోతున్నారో ముందే రాసి, హెడ్మాస్టరు గారి సంతకం పెట్టించుకునే పుస్తకం అది. అందులో ‘ఉద్దేశం’ అని ఒక గడి ఉంటుంది.

“నీ పోస్టులన్నీ ఇందులో రాయమ్మా. చూసినోళ్లకి సత్తిబాబు గురించి ఏం తెలుస్తుందో ఈ గడిలో పెట్టు” అన్నారు.

పదింటిలో రెండింటికే గడి నిండింది. రెండూ కూతకొచ్చినవాణ్ణి చీలమండ దగ్గర దొరకబుచ్చుకునే వాడి పట్టు గురించినవే.

“మిగతావి ఎవరైనా పెట్టుకుంటారమ్మా. ఈ పట్టు వీడొక్కడిదే కదా. ఏడాదంతా ఇదే చెప్పు.”

అప్పటినుంచి ప్రతి ఆదివారం ఆ పుస్తకం పట్టుకుని ఆయన ఇంటికి వెళ్లేదాన్ని. వీడియోలు భార్య ఫోన్లో, శబ్దం పూర్తిగా తీసేసి చూసేవారు. “పాట తీసేస్తే సరుకెంతో తెలుస్తుంది” అనేవారు. పేజీ చూసేవాళ్లని ఆయన ‘క్లాసు’ అనేవారు. నేను గుమ్మం ఎక్కగానే, “ఈ వారం క్లాసు ఏం అడిగిందమ్మా?” అని పలకరింపు. కాఫీ సంగతి ఆ తరువాతే.

కిందటేడు సత్తిబాబు మోకాలి లిగమెంటు తెగింది. ఆపరేషను చేశారు. జట్టుతో కాంట్రాక్టు పొడిగించుకునే సమయం అది. జట్టుకి చిన్న బెణుకని చెప్పి, మా బడి గ్రౌండులో తీసిన పాత ప్రాక్టీసు వీడియో ఒకటి నేను ఇవాళ్టిదన్నట్టు పెట్టేశాను. అది చూసి జట్టువాళ్లు మరో రెండు వారాల్లో క్యాంపుకి రమ్మన్నారు. సత్తిబాబు సరేనన్నాడు. అదే రోజు మాస్టారు ఫోన్ చేశారు.

“అమ్మాయ్, బడి గోడకి మొన్న నీలం రంగేశారు. నీ వీడియోలో తెల్లగా ఉందేంటి?”

“ఎవరు చూస్తారండీ అది?”

“నేను చూశాను కదా. వీడు క్యాంపుకెళ్లి ఒక్క పట్టు పడితే ఆ మోకాలు ఇంకెందుకైనా పనికొస్తుందా? ఉద్దేశం గడిలో ఏం రాశావు?”

“రాయలేదండీ.”

మర్నాడు ఇద్దర్నీ ఇంటికి పిలిచారు. వరండాలో నేను వీడియో తీశాను. సత్తిబాబు మోకాలు వంచడానికి ప్రయత్నించి, సగం కూడా వంగక, చెమటలు పట్టి ఆగిపోయాడు.

“ఇది పెడితే జట్టు వదిలేస్తుంది మాస్టారూ” అన్నాడు.

“వదిలేస్తే వదిలెయ్యనీ. ముందు మోకాలు మిగలాలి కదరా.”

పాతది తీసేసి, తప్పు ఒప్పుకుని, ఇది పెట్టాం. జట్టు నిజంగానే వదిలేసింది. రెండు నెలలు నాకు మాస్టారి మీద కోపంగా ఉండేది. అయినా ఆదివారాలు మానలేదు. ఇక మా ప్లానంతా ఆ మోకాలే: ఈ వారం ఎంత వంగింది, ఎక్కడ నొప్పి పుట్టింది. జంగారెడ్డిగూడెం నుంచి వాలీబాల్ ఆడే అమ్మాయి ఒకతి తన కాలి కట్టు ఫోటో పంపి, “మీరు మెట్లు ఎప్పుడు ఎక్కారండీ?” అని అడిగింది. జవాబు మాస్టారే చెబుతూ నాచేత టైపు చేయించారు. చివర్లో, డాక్టరు గారిని అడక్కుండా ఎక్కొద్దని రెండుసార్లు రాయించారు. నా కోపం ఎప్పుడు పోయిందో తెలియదు గానీ, ఆ రోజుకి మాత్రం లేదు. వాడి మోకాలు ఈరోజు నిలిచి ఉందంటే ఆయన చలవే. నా పరువు కూడా.

పోయిన నెల ఇంకో జట్టు సత్తిబాబుని సెలెక్షన్సుకి పిలిచింది. ఆ మాట మాస్టారు విన్నారు. ఫలితం వినలేదు. మాకూ ఇంకా తెలియదు.

పెద్దకార్యం రోజు షామియానా కింద చాపలు పరిచి భోజనాలు పెట్టారు. గుమ్మం లోపల కూర్చున్న మాస్టారి భార్య, సత్తిబాబుకి కుర్చీ వేయమని ఎవరికో చెప్పారు. “వద్దండి అమ్మగారూ” అన్నాడు. పంచె పైకి దోపుకుని, అరచెయ్యి నేలకి ఆనించి, మెల్లిగా చాప మీదికి దిగి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మోకాలి మీద కుట్ల గీత సాగి తెల్లగా కనబడింది. ఆవిడ లేచి గుమ్మం దాకా వచ్చి, ఆ మోకాలి వంకే చూస్తూ నిలబడ్డారు. వడ్డించేవాళ్లు అతని విస్తట్లో అన్నం పెట్టి ముందుకు వెళ్లారు.