శుక్రవారం మాత్రలు

ఆసుపత్రి మందుల కిటికీ వెనక పంతొమ్మిదేళ్ళు పనిచేసేసరికి ఆమె అసలు పేరు అందరూ మరిచిపోయారు. కిటికీ అక్క అంటేనే తెలుస్తుంది. పొద్దుటి నుంచి ఒంటిగంట దాకా మూడు వందల చీటీలు. చీటీకో నిమిషం. స్ట్రిప్పు కత్తిరించడం, కవర్లో వేయడం, పైన పెన్సిల్‌తో పూటలు గీయడం, నోటితో చెప్పడం, అన్నీ ఆ నిమిషంలోనే.

ఆ శుక్రవారం కిటికీ మూసి డబ్బాలు సర్దుతుంటే ఆమె చెయ్యి ఆగిపోయింది. కీళ్ళవాతం మాత్రలు రెండున్నర మిల్లీగ్రాములవీ పదివీ ఈసారి ఒకే పసుపు రంగు స్ట్రిప్పుల్లో వచ్చాయి. రెండున్నర డబ్బాకు సీలే తీయలేదు. మరి పొద్దున ఒకావిడకు ఇచ్చినవి? పదివే. "వారానికొక్కరోజే, నాలుగు మాత్రలు. ఇవాళ రాత్రి అన్నం తిన్నాక మొదలుపెట్టు" అని చెప్పింది కూడా. పడాల్సిన దానికి నాలుగింతలు. నోరంతా పూస్తుంది, రక్తకణాలు పడిపోతాయి, మనిషే దక్కకపోవచ్చు.

చీటీ పట్టుకుని, పేర్లు ఎక్కించే గుమాస్తా దగ్గరికి పరుగెత్తింది.

"తమ్ముడూ, ఈవిడ ఫోను నంబరు చూడు, తొందరగా."

కంప్యూటర్లో ఫోను గడి నిండా తొమ్మిదులే. వరసగా పది.

"ఇదేం నంబరు?"

"గడి నింపకపోతే ముందుకు కదలదక్కా. సగం మందికి నంబరు నోటికి రాదు. వెనక లైను తిట్టిపోస్తుంటే తొమ్మిదులు కొట్టేస్తాం."

"అంటే ఊరందరికీ కలిపి ఒకటే ఫోనన్నమాట."

అతను నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు. పేరు చూస్తే ఇంటికొకరికి ఉండేదే. అడ్రసు ‘మార్కెట్ వెనక’.

పెద్ద ఫార్మసిస్టు, "కాగితం రాసివ్వమ్మా, సోమవారం పైకి పంపుదాం" అన్నాడు.

మార్కెట్ వెనక మూడు సందులున్నాయి. ఆవిడ మొహం ఆమె చూడనే లేదు. కిటికీలోంచి కనిపించినవి వంకర తిరిగిన వేళ్ళు మాత్రమే.

"కీళ్ళనొప్పులావిడా?" మొదటి సందులో గుమ్మం దగ్గర కూర్చున్న ముసలావిడ కళ్ళు చికిలించింది. "ఈ సందులో నొప్పులు లేనిది ఎవరో అడుగు, ఠక్కున చెప్తాను."

ఆసుపత్రి మనిషి వచ్చిందన్న మాట క్షణాల్లో పాకింది. ఒక్కొక్కరే కవర్లు పట్టుకుని చుట్టూ మూగారు.

"గీతలు చెరిగిపోయాయమ్మా, ఇది పొద్దునా, రాత్రా?"

"పోయిన నెల తెల్లవి ఇచ్చారు, ఈ నెల ఎర్రవి. రెండూ వేసుకుంటున్నా. పర్లేదుగా?"

ఆవిడ కవరు వీటిలో ఉందేమోనన్న ఆశతో ప్రతిదీ తెరిచి చూసింది. పసుపు స్ట్రిప్పు ఎందులోనూ లేదు. గీతలు మాత్రం అన్నీ తన చేతివే. ఎర్రవీ తెల్లవీ ఒకటేనని, ఇకనుంచి ఒకటే వేసుకోమని చెప్పింది.

రెండు సందులు పూర్తయ్యేసరికి దీపాలు వెలిగాయి. ఇళ్ళల్లో కంచాల చప్పుడు మొదలైంది. మూడో సందు వైపు అడుగు వేసిందో లేదో ఎవరో వెనక నుంచి చెయ్యి పట్టుకున్నారు. ఆ వేళ్ళు వంకర తిరిగినవి కావు, ఇంకో చేతిలో మందుల కవరు.

"నాది చూడకుండానే వెళ్తున్నావేంటమ్మా?"